క్రోమ్ అప్‌డేట్ చేసినా "వైరస్ ఉంది" హెచ్చరికలు ఆగడం లేదా?

స్క్రీన్ మూలన వచ్చే ఆ "5 వైరస్‌లు దొరికాయి" పెట్టెలు చాలావరకు వైరస్ పని కాదండీ. ఎప్పుడో ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపనా అని అడిగితే 'అలో' నొక్కి ఉంటారు. అప్‌డేట్ బ్రౌజర్‌లోని లోపాలను పూడుస్తుంది గానీ, మీరిచ్చిన అనుమతిని ప్రతిసారీ తీసెయ్యదు.

1. ఆ పెట్టె మీద నొక్కకండి.

2. అందరూ హిస్టరీ చెరిపేసి ఊరుకుంటారు, అసలు చోటు ఇది: సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > సైట్ సెట్టింగ్స్ > నోటిఫికేషన్స్. కింద 'అలో' జాబితాలో తెలియని పేరు ప్రతిదాని పక్కన మూడు చుక్కలు నొక్కి 'బ్లాక్' చేయండి. 'రిమూవ్' చేస్తే ఆ సైట్ మళ్లీ అడగొచ్చు.

3. హెల్ప్ > అబౌట్ గూగుల్ క్రోమ్‌లో 'రీలాంచ్' కనిపిస్తోందా? అయితే ఇంకా పాత వెర్షనే నడుస్తోంది. నొక్కేయండి, ట్యాబ్‌లు తిరిగొస్తాయి (ఇన్‌కాగ్నిటోవి రావు, నాకు తెలిసొచ్చింది).

4. సేఫ్ బ్రౌజింగ్‌ని (ప్రమాదకరమైన సైట్ల గురించి హెచ్చరించే క్రోమ్ సెట్టింగ్) 'ఎన్‌హాన్స్‌డ్ ప్రొటెక్షన్'కి మార్చండి.