48 రంగుల పెట్టె కోసం లోన్ యాప్‌లో అప్పా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 36,000 వస్తుంది. అద్దె, ఇంటికి పంపేది, తిండి, పెట్రోలు అన్నీ కలిపి 24,000. ట్యాబ్లెట్ ఈఎంఐ 3,800, ఇంకా 11 నెలలుంది. క్రెడిట్ కార్డు బాకీ 42,000, నెలకు 3.5 శాతం వడ్డీ, మినిమమ్ డ్యూ 2,100 కడుతున్నాను. బ్యాంకులో 11,000 ఉంది. ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహల దగ్గర స్కెచ్‌లు వేస్తాను. ఈ ఏడాది రెండు బొమ్మలు 3,000కు అమ్ముడయ్యాయి. 48 రంగుల విదేశీ వాటర్‌కలర్ పెట్టె, కాటన్ పేపర్ స్కెచ్‌బుక్‌లు, బ్రష్‌లు కొనడానికి లోన్ యాప్‌లో 40,000 తీసుకోవాలనుకుంటున్నాను. వడ్డీ నెలకు 1.9 శాతమే. చేతికి 37,200 ఇస్తారు, 12 నెలలు 4,100 చొప్పున కట్టాలి. ఇప్పుడున్న 24 రంగుల్లో ఏడే ఎక్కువ వాడతాను. దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. ఏడాదికి 3,000 తెచ్చే పనికి ఏడాదిలో 49,200 కట్టే అప్పు పెట్టుబడి కాదు. సామాను మెరుగైతే సంపాదన దానంతట అదే వస్తుందని కెమెరా కొనేవాళ్లూ, కుట్టుమిషన్ కొనేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తున్నారు. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 1.9 శాతం సంగతి. అది ఫ్లాట్ రేటు. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 40,000 మీదే పడుతుంది. చేతికొచ్చేది 37,200 కాబట్టి లెక్క కడితే నిజంగా పడే వడ్డీ నెలకు దాదాపు 4.6 శాతం, ఏడాదికి 55 శాతం. అప్పిచ్చేవాళ్లు ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (అప్పు ముఖ్య వివరాల పత్రంలో) ఏపీఆర్, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే మొత్తం వడ్డీ శాతం, అనే గడి ఉంటుంది. అది చూడకుండా ఏ యాప్‌లోనూ వేలు పెట్టొద్దు.

కార్డు పరిస్థితీ అంతే. 42,000 మీద నెల వడ్డీ 1,470, దానిపై జీఎస్టీ 265. మీరు కట్టే 2,100లో అసలుకు చేరేది 365 రూపాయలు. పైగా బాకీ నిలిచి ఉన్నంతకాలం ఆ కార్డుతో కొన్న ప్రతి రంగు ట్యూబుకూ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డును ఇవాళే పర్సులోంచి తీసి ఇంట్లో పెట్టండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీ 11,000. ఖర్చులు, ఈఎంఐ, మినిమమ్ డ్యూ కలిపితే నెలకు 29,900, అంటే రోజుకు వెయ్యి. రేపు ఉద్యోగం పోతే మీకున్నది పదకొండు రోజుల గడువు. పన్నెండో రోజు మళ్లీ అదే యాప్ తలుపు తడతారు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. అది లేనంతవరకు సిప్‌లూ షేర్ల ప్రస్తావన మీకు అనవసరం.

ఖర్చులు, ట్యాబ్లెట్ ఈఎంఐ పోను, కార్డుకు కట్టకముందు మీకు నెలకు మిగిలేది 8,200. అందులో 6,700 కార్డుకు, 1,000 అత్యవసర నిధికి, 500 బొమ్మలకు. ఇలా కడితే ఎనిమిదో నెలలో కార్డు తీరిపోతుంది. తర్వాత ఆ 6,700 కూడా నిధికే. పదకొండు నెలలకు ట్యాబ్లెట్ ఈఎంఐ అయిపోతే ఆ 3,800 కూడా అందులోకే. ఇప్పుడున్న 11,000తో కలిపి ఇరవై నెలల్లో 1,44,000, అంటే ఆరు నెలల ఖర్చు, చేరుతుంది. ఆ డబ్బు యూపీఐకి కలపని ఖాతాలో ఉంచండి, ఫోన్‌లో కనిపించే డబ్బు నిలవదు. కార్డు బాకీని బ్యాంకు తక్కువ వడ్డీ ఈఎంఐగా మారుస్తానంటే ఫీజు చూసుకుని ఒప్పుకోవచ్చు.

500తో బొమ్మలు ఆగుతాయా? ఆగవు. అరిగిన ఏడు రంగులే మీ పెట్టె. ఖాళీ అయిన హాఫ్ ప్యాన్‌లోకి (పెట్టెలో రంగు ఉండే చిన్న గిన్నెలోకి) ట్యూబు రంగు నింపుకోండి, 5 మి.లీ. ట్యూబు రెండు ప్యాన్‌లకు సరిపోతుంది. ఒకేసారి నిండా పోస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండి, ఎండాక పగుళ్లిస్తుంది. సగం పోసి, ఒక రోజు ఆరనిచ్చి, మిగతాది పోయండి. నది ఒడ్డున గీసి తడి పెట్టెను అలాగే మూస్తే బూజు పడుతుంది, ఇంటికి రాగానే తెరిచి ఉంచండి. బ్యారేజీ స్తంభాల బూడిద రంగుకు నలుపు కొననక్కర్లేదు, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా గోధుమ రంగు కలిపితే చాలు.

రోజువారీ సాధనకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు, అంటే కాగితం మందం) కాటన్ పేపరు వద్దు. ఖరీదైన పేజీ పాడవుతుందన్న భయంతో చెయ్యి ముడుచుకుంటుంది. 100 జీఎస్ఎం అయితే తడికి అలలుగా లేస్తుంది. 200 జీఎస్ఎం ఏ5 పుస్తకం, రెండు క్లిప్పులు, 2బి పెన్సిలు, ఒక వాటర్ బ్రష్ (పిడిలో నీళ్లు నింపుకునేది), పాత నూలు గుడ్డ చాలు. పెన్ను మాత్రం వాటర్‌ప్రూఫ్ పిగ్మెంట్ ఇంకుదే కొనండి, మామూలు ఇంకు రంగు తగలగానే కారిపోతుంది. ఫౌంటెన్ పెన్నులో షెల్లాక్ (లక్క) ఉన్న ఇండియన్ ఇంక్ పోస్తే పాళీ మూసుకుపోతుంది.

ఒకవేళ ఇప్పటికే యాప్‌లో ఒప్పుకుని డబ్బు ఖాతాలో పడి ఉంటే, రంగుల దుకాణానికి వెళ్లకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పులకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకునే వ్యవధి) ఉండాలి. ఆ గడువులోగా అసలు, డబ్బు మీ దగ్గరున్న రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. యాప్ ముందే కోసుకున్న ప్రాసెసింగ్ ఫీజు పోయినా ఫర్వాలేదు. మీ ఒప్పందంలో ఆ గడువు ఎన్ని రోజులో ఇప్పుడే తెరిచి చూడండి.