ఉత్ప్రేరకాల పరిశోధన: పర్లాకిమిడి తండ్రికి సమాధానం

తమ అమ్మాయి ప్లస్ త్రీ కెమిస్ట్రీ ఆనర్స్ చివరి సంవత్సరంలో ఉందనీ, తిరిగి వాడుకోగల, విషప్రభావం తక్కువగా ఉండే ఉత్ప్రేరకాలపై (తాము ఖర్చయిపోకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాలపై) పరిశోధన చేస్తానంటోందనీ, పైడిభీమవరం ఫార్మా ఉద్యోగాలు దగ్గర్లో ఉండగా ఇంకా చదివించడం అవసరమా అనీ పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి అడిగారు.

చదివించండి. ఆ ఫార్మా పరిశ్రమకే ఈ పరిశోధన కావాలి. మందుల తయారీలో కార్బన్ పరమాణువులను జోడించడానికి ఉత్ప్రేరకంగా విరివిగా వాడే పల్లాడియం అనే లోహం చాలా ఖరీదైనది. పైగా నోటి ద్వారా తీసుకునే మందుల్లో అది రోజుకు 100 మైక్రోగ్రాములకు మించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే లోహాన్ని ఘనపదార్థంపై నిలిపి, చర్య ముగిశాక వడపోసి మళ్లీ వాడే పద్ధతులపై హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎం. లక్ష్మీకాంతం వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. లోహమే అవసరం లేని చిన్న కర్బన ఉత్ప్రేరకాలకు 2021లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఈ రంగంలో అసలైన కష్టం కొలతలో ఉంది. చర్య సగంలో ఉండగా వేడిమీదే ఘన ఉత్ప్రేరకాన్ని వడపోసి, మిగిలిన ద్రవాన్ని అలాగే వేడిచేసినప్పుడు ఉత్పత్తి ఇంకా పెరుగుతూ ఉంటే, లోహం ద్రావణంలోకి కరిగిపోయిందనీ, పనిచేస్తున్నది ఆ కరిగిన భాగమేననీ అనుమానించాలి. అలాగే అయిదుసార్లు వాడినా 95 శాతం దిగుబడి వచ్చిందంటే సరిపోదు. చర్య పూర్తయ్యేదాకా ఆగి కొలిస్తే ఉత్ప్రేరకం బలహీనపడినా తెలియదు కనుక, ప్రతిసారీ తొలి నిమిషాల వేగాన్ని పోల్చాలి. ఇటువంటి ప్రశ్నలు వేసే అలవాటు మీ అమ్మాయికి ఇప్పటినుంచే రావాలి.

కోర్సు పేరులో హరిత రసాయనం (హాని, వ్యర్థాలు తగ్గించే రసాయన శాస్త్రం) ఉందా అని వెతకకండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, చర్యల వేగాన్ని అధ్యయనం చేసే గతిశాస్త్రం, అణువుల నిర్మాణాన్ని తెలిపే ఎన్ఎంఆర్, మిశ్రమాలను విడదీసే క్రొమటోగ్రఫీ బలంగా నేర్పే ఎమ్మెస్సీ ముఖ్యం. ఎమ్మెస్సీ ప్రవేశాలకు జరిగే జామ్ పరీక్ష రాస్తే ఐఐటీలకూ, రూర్కెలా ఎన్ఐటీకీ దారి ఉంటుంది; ఇంటికి దగ్గర్లో బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. బరంపురంలోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ ఐసర్‌లో వేసవి ప్రాజెక్టుకు అవకాశం ఉందేమో అక్కడి అధ్యాపకులకు ఆమె చేతనే ఈమెయిలు రాయించండి.

పీహెచ్‌డీ నిర్ణయం ఇప్పుడే అక్కర్లేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నెలల తరబడి ఒకే చర్యతో కుస్తీ పట్టాక కూడా ఆసక్తి నిలిస్తే, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి ఫెలోషిప్‌తోనే పరిశోధన కొనసాగించవచ్చు. లేదనుకుంటే ఆ ఎమ్మెస్సీతోనే కంపెనీల్లో తయారీ పద్ధతులను రూపొందించే ప్రాసెస్ డెవలప్‌మెంట్ విభాగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు.