నంబర్ పెద్దదైతే చల్లటి ప్లగ్ అనుకోకండి

నంబర్ పెద్దదని చల్లటి స్పార్క్ ప్లగ్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) వేశాననుకున్నారు, కానీ మీరు వేసింది చల్లటిది కాదన్నా, పాతదానికన్నా వేడిది. చల్లటి ప్లగ్ అంటే తన వేడిని త్వరగా ఇంజిన్ హెడ్‌కి వదిలేసేది, వేడిది ఆ వేడిని పట్టి ఉంచుతుంది. రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించిన మీ టర్బో పెట్రోల్ కారు నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి గట్టిగా తొక్కగానే టకటకమనడానికి కారణం చాలావరకు అదే. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్‌లలో నంబర్ పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిది. బాష్‌లో నంబర్ తగ్గేకొద్దీ చల్లటిది. మీరు ఎన్‌జీకే 6 తీసి బాష్ 8 పెట్టారు.

ఈ ప్లగ్‌లు మార్చేదాకా ఫుల్‌గా తొక్కకండి, పిస్టన్‌కే చిల్లు పడొచ్చు.

1. ఎన్‌జీకే 7 వేయండి. మర పొడవు పాతదానంతే ఉండాలి. రీమ్యాప్‌కి ఒక్క మెట్టు చాలు. 8 వేస్తే నల్లగొండ టౌన్ ట్రాఫిక్‌లో మసి పడుతుంది.

2. గ్యాప్ (ప్లగ్ కొనల మధ్య ఖాళీ) ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకుతో చూసుకోండి. టర్బోకి సుమారు 0.7 మి.మీ.

3. అందరూ వదిలేసేది ఇదే: ప్లగ్ రంగు చూడటం. ఖాళీ రోడ్డు మీద కాసేపు ఫుల్ లోడ్‌లో నడిపి, పక్కన ఆపగానే ఇంజిన్ ఆఫ్ చేయండి. ఐడిల్‌లో ఉంచితే మసి పట్టి అసలు రంగు కనపడదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్ విప్పండి, లేకపోతే అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి.

ప్లగ్ కొన చుట్టూ ఉండే పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయినట్టే. నల్లటి మసి ఉంటే ప్లగ్ మరీ చల్లటిది, లేదా పెట్రోల్ ఎక్కువ పోతోంది. నాది ఒకసారి విప్పితే తెల్లగా పాలిపోయి, ఉప్పు చల్లినట్టు సన్నటి పొక్కులున్నాయి. అది వేడి ఎక్కువైన గుర్తు.

7 వేశాక కూడా చప్పుడు ఆగకపోతే రీమ్యాప్ చేసిన ట్యూనర్‌తో టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) చూపించండి.