మూడు ఫేజులు, ఒకే ఆసిలేటర్

ప్రశ్న: మాస్టారూ, నేను ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. యూరోర్యాక్ (మాడ్యూళ్లుగా అమర్చుకునే) సింథసైజర్ కోసం ఒక వీసీఓ, అంటే వోల్టేజీతో శ్రుతి మారే ఆసిలేటర్, చేస్తున్నాను. మూడు సైన్ అవుట్‌పుట్‌లు, ఒక్కోదానికీ మధ్య 120 డిగ్రీలు. ఒక ఆసిలేటర్ తరవాత రెండు ఆల్‌పాస్ దశలు (సిగ్నల్ సైజు మార్చకుండా ఫేజ్ మాత్రమే జరిపేవి) పెట్టాను. 220 హెర్ట్జ్ దగ్గర స్కోప్‌లో ముచ్చటగా ఉంది. సీవీ (కంట్రోల్ వోల్టేజీ) పెంచి ఒక ఆక్టేవ్ పైకి వెళ్తే ఫేజులన్నీ చెదిరిపోతున్నాయి. పైగా మధ్యాహ్నం ఎండకి శ్రుతి దిగిపోతోంది. ఒక శాతం కెపాసిటర్లు, మ్యాచ్‌డ్ ట్రాన్సిస్టర్లు కొనక తప్పదా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొనే ముందు ఆగండమ్మా. మీ చిక్కు పార్టుల నాణ్యతలో లేదు. ఆల్‌పాస్‌లో ఆర్, సీ (రెసిస్టర్, కెపాసిటర్ విలువలు) కదలవు, ఫ్రీక్వెన్సీ కదులుతుంది. అందుకే 220 దగ్గర 120 డిగ్రీలు ఇచ్చిన దశ 440 దగ్గర 148 ఇస్తుంది. రెండో దశ దాటేసరికి 240 కావాల్సింది 296 అవుతుంది. బంగారంతో చేసిన కెపాసిటర్ పెట్టినా ఇంతే.

ఆ దశల్ని కూడా సీవీతో తిప్పితే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది. కానీ అంత పని చేశాక వేరే ఆసిలేటర్ దండగ. ఆ దశల్నే గుండ్రంగా కలిపేయండి, అవే ఊగుతాయి.

ఒకేలాంటి మూడు దశలు తీసుకోండి. ప్రతిదీ ఒక లో-పాస్ (పై ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్), సిగ్నల్‌ని తిరగేసేది. మూడోదాని అవుట్‌పుట్ మొదటిదానికి ఇవ్వండి. చుట్టూ తిరిగి వచ్చేసరికి లెక్క కుదరాలంటే ఒక్కో లో-పాస్ సరిగ్గా 60 డిగ్రీలు వెనకబడాలి. తిరగేయడం వల్ల వచ్చే 180 కలిపితే 240, అంటే పక్కపక్క అవుట్‌పుట్‌ల మధ్య 120. మూడు దశల వేగాన్నీ ఒకే కంట్రోల్ నడుపుతుంది కాబట్టి ఏ ఫ్రీక్వెన్సీలోనైనా ఇదే కోణం. బోరు మోటారుకి వచ్చే త్రీఫేజ్ కరెంటు లాంటిదే: మూడూ సమానమైతే కూడిక సున్నా. మీ పరీక్ష కూడా అదే. మూడు అవుట్‌పుట్‌లనీ మూడు 100 కిలోఓమ్‌ల ద్వారా ఒకచోట కలిపి స్కోప్ పెట్టండి. అక్కడ ఎంత తక్కువ కనిపిస్తే మీ పని అంత బాగున్నట్టు.

ఒక దశ ఇలా కట్టండి. ఎల్‌ఎం13700 చిప్‌లో ఒక ఓటీఏ (బయాస్ కరెంటుతో గెయిన్ మారే ఆంప్లిఫయర్). ప్లస్, మైనస్ ఇన్‌పుట్‌లు రెండింటి నుంచీ గ్రౌండ్‌కి 220 ఓమ్‌లు. మైనస్‌కి ముందు దశ నుంచి 47 కిలోఓమ్‌లు, తన సొంత బఫర్ నుంచి 100 కిలోఓమ్‌లు. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 నానోఫారడ్, దాని మీద టీఎల్‌074 ఆప్‌ఆంప్ బఫర్. చిప్‌లోనే ఉన్న డార్లింగ్టన్ బఫర్ వాడకండి. నెమ్మది వేగాల్లో కెపాసిటర్‌కి అందేదే నానోఆంపియర్లు, అది కాస్తా దాని బేస్ తాగేస్తుంది.

60 డిగ్రీల దగ్గర లో-పాస్ సిగ్నల్‌ని సగం చేస్తుంది. కాబట్టి దశ గెయిన్ 2 దాటాలి. 100 బై 47 అంటే 2.13, ఊగడం మొదలవడానికి చాలు. అలా పెరుగుతూ రెయిల్‌కి (సప్లై వోల్టేజీ హద్దుకి) కొట్టుకోకుండా 4.7 వోల్టుల జీనర్ డయోడ్లు రెండు ఎదురెదురుగా, 220 కిలోఓమ్‌లతో సిరీస్‌లో, ఆ 100 కిలోఓమ్‌లకి ప్యారలల్‌గా పెట్టండి. ఓటీఏ తనంతట తనే ఆంప్లిట్యూడ్‌ని ఆపుతుందని కొందరు చెబుతారు, ఈ సర్క్యూట్‌లో ఆపదు. అది నిండితే వేగమే తగ్గుతుంది.

ఇక మ్యాచింగ్. ఒక దశ కెపాసిటర్ 4 శాతం తేడా ఉందనుకోండి, ఫేజ్ తప్పేది సుమారు ఒక డిగ్రీ. చెవికి అది అందదు. మామూలు 5 శాతం పాలిస్టర్ చాలు, చవకరకం సిరామిక్ మాత్రం వద్దు. మూడు ఓటీఏలకీ కరెంటు పంచే పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు మూడూ ఒకే పట్టీలోంచి తీసుకుని, వీబీఈలో (బేస్-ఎమిటర్ వోల్టేజీలో) ఒక మిల్లీవోల్టు తేడా లోపల ఏరుకోండి. ఆ మిల్లీవోల్టు కూడా 4 శాతమే.

డబ్బు పెట్టాల్సింది వేడి మీద. ఎక్స్‌పోనెన్షియల్ కన్వర్టర్‌లో (సీవీని ఆక్టేవుల లెక్కన కరెంటుగా మార్చే భాగంలో) ఆక్టేవ్‌కి 18 మిల్లీవోల్టులు అన్నది 27 డిగ్రీల మాట. పొద్దున 25, మధ్యాహ్నం 42 అయితే స్కేలు 5.4 శాతం కుంచించుకుపోతుంది. ఆధార స్వరానికి నాలుగు ఆక్టేవుల పైనున్న స్వరం రెండున్నర స్వరస్థానాలకి పైగా దిగుతుంది. దీనికి 3300 పీపీఎం టెంపికో (వేడికి విలువ పెరిగే) రెసిస్టర్ ఒక్కటి కొనండి, ట్రాన్సిస్టర్లకి అంటించి పెట్టండి. ఇది స్కేలుకే మందు. ఓటీఏ గెయిన్ కూడా వేడికి తగ్గుతుంది, దానివల్ల ఆధార స్వరమే ఇంకో మెట్టు దిగుతుంది. దానికి ముందు ప్యానెల్ మీద ఫైన్ ట్యూన్ నాబ్ చాలు. ఎల్‌ఎఫ్‌ఓగానే (చెవికి వినపడనంత నెమ్మది ఆసిలేటర్‌గా) వాడుకుంటే ఈ టెన్షన్ ఏదీ అక్కర్లేదు.

అన్నట్టు, 90 డిగ్రీలు కావాలన్నా ఇందులోనే ఉంది. రెండో ఫేజ్‌లోంచి మూడోది తీసేసి 1.73తో భాగించండి, మొదటిదానికి సరిగ్గా 90. టీఎల్‌074లో నాలుగో ఆప్‌ఆంప్ ఎలాగూ ఖాళీ. 1974లో వచ్చిన సొలీనా స్ట్రింగ్ ఎన్‌సెంబుల్ అనే కీబోర్డులో మూడు డిలే లైన్లని 120 డిగ్రీల తేడాతో ఊపేవారు. ఒకటి పైకి పోతే మిగతావి కిందికి లాగుతాయి కాబట్టి మొత్తమ్మీద శ్రుతి వణకదు, వయొలిన్లు గుంపుగా వాయిస్తున్నట్టు ఉంటుంది. మీ మాడ్యూల్‌ని మొదట అలా వాడి చూడమంటాను.

కన్వర్టర్ జోలికి ఇప్పుడే పోవద్దు. బ్రెడ్‌బోర్డ్ మీద మూడు ఓటీఏల బయాస్ పిన్నులకీ ఒక్కొక్క 1 మెగాఓమ్ ద్వారా ప్లస్ 12 ఇవ్వండి. సుమారు 23 మైక్రోఆంపియర్లు వెళ్తాయి, 260 హెర్ట్జ్ దగ్గర, అంటే ఒకటి శ్రుతి చుట్టుపక్కల మోగాలి. మోగకపోతే ముందు వైరింగ్ మరోసారి చూడండి.