ఆటగాళ్ల ప్రకటనల సొమ్ము ఎవరి జేబులోంచి?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఫీజుల పట్టికలో ‘అథ్లెటిక్స్ ఫీజు’ అనే పద్దు కనిపించింది. అక్కడి కాలేజీ ఆటగాళ్లు ప్రకటనల ద్వారా లక్షల డాలర్లు గడిస్తున్నారట. ఆ సొమ్ము మా పిల్లల ఫీజుల నుంచే పోతోందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ప్రకటనల సొమ్ము మీ ఫీజులోంచి పోదమ్మా. కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరును, రూపాన్ని వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవడానికి అనుమతించింది. ఆ చెల్లింపు కంపెనీకీ ఆటగాడికీ మధ్య జరిగేదే. కాకపోతే అభిమానులూ పూర్వ విద్యార్థులూ ‘కలెక్టివ్’ల పేరిట నిధులు పోగుచేసి ఆటగాళ్లకు ఇవ్వసాగారు. దాంతో తమకు రావలసిన విరాళాలు అటు మళ్లుతున్నాయని క్రీడా విభాగాల అధికారులు వాపోయారు.

విశ్వవిద్యాలయాల ఖజానాపై అసలు భారం 2025 జూన్ 6న పడింది. ఈతగాడు గ్రాంట్ హౌస్, మరికొందరు ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్’ కేసులో ఆ రోజు న్యాయస్థానం ఆమోదించిన రాజీ ప్రకారం మాజీ, ప్రస్తుత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం అందాలి. అంతేకాక, ఆ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయం ఒక్కొక్కటి 2025–26లో సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా తన ఆటగాళ్లకు పంచవచ్చు. ఇది గరిష్ఠ పరిమితే తప్ప తప్పనిసరి కాదు, కానీ పోటీలో వెనుకబడటానికి ఏ పెద్ద జట్టు ఒప్పుకుంటుంది?

టీవీ హక్కుల ఆదాయం దండిగా ఉన్న చోట ఈ మొత్తం సర్దుబాటవుతుంది. అలాంటి టెన్నెసీ విశ్వవిద్యాలయమే అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ టికెట్లపై, ఆటగాళ్లకు పంచే సొమ్ము కోసం పది శాతం ‘టాలెంట్ ఫీ’ వేసింది. చిన్న విశ్వవిద్యాలయాల్లో క్రీడా విభాగం తన ఖర్చును తానే రాబట్టుకోవడం అరుదు కాబట్టి, ఆ లోటును విద్యార్థుల ఫీజులతో, సాధారణ నిధులతో పూడుస్తారు. మీ పట్టికలోని పద్దు ఆ కోవకు చెందినదే. ఆటగాళ్లకు ప్రకటనల సొమ్ము రాకముందు నుంచీ ఉన్నదే. (మైదానమే లేని కాలేజీలకు స్పోర్ట్స్ ఫీజు కట్టిన మన నగరవాసులకు ఇది వింతేమీ కాదు.) పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ విశ్వవిద్యాలయం మాత్రం ఈ పరుగు మన వల్ల కాదని, కళాశాల క్రీడల్లో పై శ్రేణి అయిన డివిజన్ 1 నుంచి, ఆటకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వని డివిజన్ 3కు మారనున్నట్లు 2025లో ప్రకటించింది.

అయినా నిందంతా ఆటగాళ్ల మీద వేయడం న్యాయం కాదు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023లో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను ఒప్పందం మధ్యలో తొలగించినందుకు 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. అది పైన చెప్పిన వార్షిక పరిమితికి మూడు రెట్లకు మించిన మొత్తం.

ఆ ఫీజు అందరికీ తప్పనిసరా, ఆన్‌లైన్ తరగతుల వారికి మినహాయింపు ఉందా అని ప్రవేశాల కార్యాలయానికి ఈమెయిల్ రాసి అడగండి. మీ అమ్మాయి క్రీడాకారిణి అయితే మరో సంగతి: ఎఫ్‌-1 వీసాపై పనికి కఠినమైన ఆంక్షలు ఉన్నందున, అక్కడ ప్రకటన ఒప్పందమేదైనా చేసుకునే ముందు విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని సంప్రదించాలి.