లోతు తక్కువ నీళ్లలో బాతుల ఫొటోలకు చిన్న పడవ: సపాటు అడుగా, వి అడుగా, పుట్టి పడవా?

మీరు అడిగింది ఇది: నల్లగొండ దగ్గరి ఉదయసముద్రంలో, వీలైతే నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో చలికాలం బాతుల ఫొటోలు తీయడానికి ఇద్దరు ఎక్కే పడవ చేయించాలి, అమెరికా వాళ్ల బాతు వేట పడవల్లో ఏ రకం మనకు కుదురుతుంది, లేక మన గుండ్రటి పుట్టి పడవే నయమా?

అడవి బాతుల్ని వేటాడటం మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మీ చేతిలో ఉండేది కెమెరా కాబట్టి ఆ పేచీ లేదు. పడవ సంగతికొస్తే ఆ అమెరికా వేటగాళ్ల అవసరమూ మీ అవసరమూ ఒకటే: మోకాలి లోతు నీళ్లు, జమ్ము, చప్పుడు కాకూడదు.

ఉదయసముద్రం అంచులకు, డిండి, కోయిల్‌సాగర్ జలాశయాల్లో నీళ్లు పలచబడే వైపుకు సపాటుదే, అంటే అడుగు చదునుగా ఉండే పడవే తీసుకోండి. లెక్క వేసి చూడండి. ఒక చదరపు అడుగు మేర అంగుళం మందం నీళ్లు దాదాపు 2.36 కిలోలు తూగుతాయి. 12 అడుగుల పొడవు, కింద 4 అడుగుల వెడల్పు ఉన్న పడవలో మూతి సన్నబడేది తీసేస్తే నీటికి ఆనేది 40 చదరపు అడుగులు. అంటే 94 కిలోలకు ఒక అంగుళం దిగుతుంది. పడవ 60, ఇద్దరు మనుషులు 140, సామాను 40 కలిపి 240 కిలోలకు రెండున్నర అంగుళాలు. అదే బరువుకు, అదే వెడల్పులో, ఇరువైపులా 12 డిగ్రీలు వాలిన వి అడుగు అయితే నడుమ 5 అంగుళాలు దిగుతుంది. ఆ తేడా ఎంతని కొట్టిపారేయకండి. బురద మీద గడ వేసి తోసేటప్పుడు సపాటుది జారిపోయే చోట వి పడవ కూరుకుంటుంది, మీరు దిగి నెట్టాలి, అప్పటికి బాతులు లేచిపోతాయి. నాచు కూడా వి పడవ అడుగున ఉండే నడి గీతకే చుట్టుకుంటుంది.

సపాటుదానితో చిక్కు వేరే ఉంది. ఎక్కగానే నేల మీద నిలబడ్డంత ధైర్యం ఇస్తుంది, కానీ ఒక పక్క అంచు నీళ్లు తాగే దాకా హెచ్చరించదు, తాగిందంటే బోల్తానే. వి పడవ మొదటి నుంచీ ఊగుతుంది కాబట్టి మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. పెద్ద లెన్స్‌తో ఇద్దరూ ఒకే పక్కకు వంగడం వద్దు. కింద వెడల్పు మూడున్నర అడుగుల లోపు ఉంటే నిలబడే ఆలోచనే మానేయండి.

చందంపేట, నేరేడుగొమ్ము వైపు సాగర్ నీళ్లు, సోమశిల దగ్గర శ్రీశైలం నీళ్లు పూర్తిగా వేరు. వెడల్పాటి నీళ్ల మీద గాలి లేచిందంటే సపాటు మూతి ప్రతి అలకూ చప్పట్లు కొడుతుంది. పిట్టలూ ఉండవు, కెమెరా మీద తుంపరలు. అక్కడికి ముందు భాగం వి, నడుమ నుంచి వెనక్కి సపాటు అయ్యే పడవ కావాలి, పక్కల ఎత్తు 16 అంగుళాలకు తగ్గకుండా. మట్టం తగ్గినప్పుడు మునిగిన మొద్దులు పైకొస్తాయి, నెమ్మదిగా పోవాలి. ఆ ఒడ్డుల్లో కొంత అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది కాబట్టి అటవీ శాఖను అడగనిదే దిగొద్దు. చెరువుల్లో అయితే మత్స్యకారుల సంఘానికి చెప్పాలి.

పుట్టి వల పనికి తిరుగులేనిది. ఏ పక్క నుంచైనా వల లాగొచ్చు, చిల్లు పడితే గుడ్డ, వేడి తారుతో అతికేయొచ్చు. ఫొటోకు మాత్రం కుదరదు: గుండ్రం కాబట్టి తెడ్డు ఆపగానే తిరుగుతుంది, గాలికి కొట్టుకుపోతుంది. తెడ్డు వేసేవాడు చేయి తిరిగిన మనిషైతేనే ఫ్రేమ్ నిలుస్తుంది. ఇక అమెరికా బాతు వేట పడవల్లో, న్యూజెర్సీలో 1836 నాటి నుంచి చెప్పుకునే బార్నెగట్ స్నీక్‌బాక్స్ గరిటెలాంటి అడుగుతో, పైన కప్పుతో, ఒక మనిషి పడుకుని దాక్కునే పడవ. మీరు ఇద్దరు, పైగా మన ఎండ, అది వద్దు.

ఫైబర్‌తో చేయించేటప్పుడు రెండు సంగతులు గట్టిగా చెప్పండి. సపాటు అడుగు పలచగా ఉంటే కాలు పెట్టిన చోటల్లా లోపలికి వంగి, కొన్నాళ్లకు పగుళ్లు ఇస్తుంది. అందుకని పొడుగునా మూడు బద్దలు అడుగుకు బయటి వైపు వేయించి, వాటి మీద చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ రెండు పొరలు అదనంగా పరిపించండి. ఒడ్డున రాళ్ల మీద లాగినప్పుడు అరిగేది అవే, పడవను వంకర పోకుండా నడిపేదీ అవే. రెండోది, సీట్ల కింద తేలుడుకు థర్మాకోల్ పెడతామంటారు. దాని మీద నేరుగా పాలిస్టర్ రెజిన్ పోస్తే అది కరిగి గుల్ల అవుతుంది. పీయూ (పాలీయురెథేన్) ఫోమ్ అడగండి, నాలుగు ఘనపుటడుగులు పెడితే నూరు కిలోలకు పైగా మోస్తుంది. డబ్బు మొత్తం ఇచ్చే ముందు ఒడ్డు దగ్గర పడవ నిండా నీళ్లు పోసి చూడండి. అంచు నీటి పైనే ఉండాలి.