బాబు ఎత్తు గురించి

చి. ల. సౌ. అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. బాబుకు 12 ఏళ్లు వచ్చినా క్లాసులో అందరికంటే పొట్టిగా ఉన్నాడని, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు వేయించమంటావా అని అడిగావు. వాడికున్న క్రోన్స్, అంటే పేగుల్లో వాపు ఏళ్ల తరబడి ఉండే జబ్బు, ఉన్న పిల్లలను డాక్టరుగా చాలామందిని చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఇంజెక్షన్ల మాట ఇప్పటికి పక్కన పెట్టు. ముందు పేగుల్లో వాపు పూర్తిగా తగ్గాలి.

ఈ పిల్లల్లో చాలామందికి గ్రోత్ హార్మోన్ లోటేమీ ఉండదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని మామూలుగానే విడుదల చేస్తుంది. ఆ హార్మోన్ కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయించాలి. ఎముకలు పొడుగు కావడానికి అది చాలా ముఖ్యం. పేగుల్లో వాపు ఉన్నంతకాలం టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి వాపును రేపే పదార్థాలు రక్తంలో పెరిగిపోయి, కాలేయం ఆ హార్మోన్‌కు లొంగకుండా చేస్తాయి. ఎముకల చివర పెరిగే భాగాన్నీ దెబ్బతీస్తాయి. దానికి తోడు నొప్పి భయంతో వాడు తినేదే తక్కువ, తిన్నదీ సరిగా ఒంటబట్టదు. కొందరిలో విరేచనాలు మొదలవకముందే ఎదుగుదల మందగిస్తుంది. కాబట్టి తల్లి సరిగా పెట్టడం లేదని ఎవరైనా అంటే ఆ మాట మనసుకు పట్టించుకోకు. పథ్యం పేరుతో డాక్టరు చెప్పకుండా పాలు, పెరుగు, పప్పు మాన్పించనూ వద్దు.

వాపు తగ్గడానికి ఇచ్చే స్టీరాయిడ్ మందుతో ఆకలి పెరిగి, బుగ్గలు నిండి, కోలుకున్నాడనిపిస్తుంది. నెలల తరబడి వాడితే మాత్రం అదే ఎత్తుకు అడ్డం పడుతుంది. అలాగని టెన్షన్ పడి నీ అంతట నువ్వు ఆపేయకు. ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ అప్పటికే తగ్గి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. స్టీరాయిడ్ లేకుండా నడిపే దారి ఏమిటని డాక్టరుగారిని గట్టిగా అడుగు.

ఒక దారి, 6 నుంచి 8 వారాలు అన్నం, టిఫిన్లు మానేసి డాక్టరు రాసిన ఫార్ములా, అంటే పోషకాలన్నీ ఉన్న ద్రవాహారం, మీదే ఉంచడం. పిల్లల్లో వాపు తగ్గించడానికి ఇది స్టీరాయిడ్‌తో సమానంగా పనిచేస్తుంది, బరువూ పెంచుతుంది. కష్టమే. ఆ రోజుల్లో మీరు వాడి ఎదుట కూర్చుని తినకండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ అనే మందులు టీఎన్ఎఫ్‌నే అడ్డుకుంటాయి, వీటితో ఎత్తు పుంజుకున్న పిల్లలున్నారు. వాటికి ముందు టీబీ పరీక్షలు తప్పవు. మన దేశంలో పేగుల టీబీ అచ్చం క్రోన్స్‌లా కనబడుతుంది, పైగా లోపల అణిగి ఉన్న టీబీని ఈ మందులు రేపగలవు.

నన్ను తొందరపెట్టేది వాడి వయసు. ఎడమ చేతి ఎక్స్‌రేతో బోన్ ఏజ్, అంటే ఎముకల వయసు, తెలుస్తుంది. అది అసలు వయసుకంటే వెనకబడి ఉంటే దిగులు పడకు, పెరిగే వ్యవధి ఇంకా ఉందన్నమాట. యుక్తవయసు గడిచి ఎముకల చివరలు మూసుకుపోతే ఇక ఏ మందూ ఎత్తు పెంచలేదు. 14 ఏళ్లు నిండినా వృషణాలు పెరగడం మొదలుకాకపోతే హార్మోన్ల డాక్టరుకు చూపించాలి. ఈ సంగతి అడగడానికి సిగ్గుపడొద్దు.

మూడు నెలలకొకసారి చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి కొలిచి, తేదీతో రాసిపెట్టు. యుక్తవయసుకు ముందు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. 4 కంటే తక్కువైతే వెంటనే చెప్పాలి. నీ ఎత్తు, అల్లుడి ఎత్తు కలిపి, 13 సెంటీమీటర్లు చేర్చి సగం చేస్తే వాడు ఉజ్జాయింపుగా ఎంత ఎదగాలో వస్తుంది. చెల్లెలి పక్కన నిలబెట్టి మాత్రం పోల్చకు.

టీకాల పుస్తకంలో, స్కూలు హెల్త్ కార్డులో పాత ఎత్తులు ఉంటాయి. అవన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించు. నాకూ ఫొటో తీసి పంపు, గ్రోత్ చార్టు మీద గీసి, ఎప్పటి నుంచి మందగించాడో చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దనాన్న